న్యాయ సలహా: కారునకు చేయించిన మార్పులు – బీమా కంపెనీకి చెప్పవలసిన మాట

ప్రశ్న: అయ్యా, మాది శంషాబాద్. నా పేర నున్న 1,200 సి.సి. పెట్రోలు కారును, గత సంవత్సరము లైసెన్సు వచ్చినది మొదలు, ఇరువదియేండ్ల మా అబ్బాయి కళాశాలకు నడుపుకొని పోవుచున్నాడు. నన్ను అడుగకయే వాడు వెడల్పాటి టైర్లతో అలాయ్ వీల్స్, బిగ్గరగా మ్రోగెడు సైలెన్సర్, ముందువైపు ఇనుప బంపర్ గార్డు, డిక్కీలో నలుబది వేల రూపాయల మ్యూజిక్ సిస్టమ్ పెట్టించినాడు. ఖర్చు తగ్గునని ఇప్పుడు సి.ఎన్.జి. కిట్టు కూడ పెట్టించుదమనుచున్నాడు. వచ్చే నెలలో ఇన్సూరెన్సు రెన్యూవల్ ఉన్నది. ఏజెంటు నడిగిన, "అవన్నీ చెప్పితే ప్రీమియం పెరుగును, ఊరకుండుడు" అనుచున్నాడు. ఏమి చేయుదును?
– ఒక తండ్రి, శంషాబాద్

సమాధానము: అయ్యా, ఏజెంటు ఇచ్చిన సలహా ఆతని పనిని సులువు చేయునదే గాని మీకు మేలు చేయునది కాదు. మార్పులను బీమా కంపెనీకి తెలియజేయుట వలన ఖర్చే తప్ప లాభము లేదని పెక్కుమంది తలంచుచుందురు. అయితే కంపెనీ ఏ సంగతిని ఎరిగి, అంగీకరించి, ప్రీమియం పుచ్చుకొనినదో, ఆ సంగతిని చూపి ప్రమాదానంతరము "ఇది మాకు తెలియదు" అని తప్పించుకొనుటకు దానికి వీలుండదు గావున, ముందుగా చెప్పిన మాటయే పాలసీదారునకు అన్నిటికంటె గట్టి రక్షణ. చెప్పని మాట యెల్లప్పుడును కంపెనీ చేతిలోని ఆయుధమే. మీ ప్రశ్నకు క్లుప్తమైన జవాబు ఇంతే: చట్టవిరుద్ధమైన మార్పులను తీసివేయించుడు, అనుమతి కావలసినవానికి అనుమతి తీసుకొనుడు, మిగిలినవానిని వ్రాతపూర్వకముగా కంపెనీకి తెలుపుడు. ఈ మూడింటి వెనుకనున్న కారణములను ఇక వివరముగా చెప్పెదను. దానికి ముందు మీ ప్రాంతమును గూర్చి ఒక మాట.

2008 మార్చి 23న శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము నుండి విమానముల రాకపోకలు ప్రారంభమైన నాటినుండి, ఒకప్పుడు బెంగుళూరు రహదారి ప్రక్కనున్న చిన్న ఊరుగా నుండిన ఆ ప్రాంతము, 44వ జాతీయ రహదారియు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డును, మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున సాగిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేయు, నలువైపుల నుండి వచ్చి చేరగా, రాష్ట్రములోని మిక్కిలి వేగవంతమైన రోడ్ల కూడలి యైనది. విశాలమైన రోడ్డు, చేతిలో కారు, ఉడుకు రక్తము – ఈ మూడును కలిసిన చోట పందెములకును విన్యాసములకును ఆకర్షణ సహజము. 2025 ఫిబ్రవరిలో శంషాబాద్ వద్ద ఔటర్ మీద కార్లతో విన్యాసములు చేసిన ఇద్దరు యువకులను విమానాశ్రయ పోలీసులు అరెస్టు చేసిన సంగతి పత్రికలలో చదివియే యుందురు. కుర్రవాండ్రందరు అట్టివారని నేననను. కారును తన అభిరుచికి తగినట్లు అలంకరించుకొనవలెనను కోరికలో తప్పు లేదు. ఆ కోరిక చట్టముతోను, పాలసీతోను ఎక్కడ తగవు పడునో తెలిసికొనకపోవుటయే తప్పు.

రిజిస్ట్రేషన్ చట్టము

మొదట గ్రహింపవలసినది, కారునకు చేయు ప్రతి మార్పునకును ఇద్దరు పరీక్షకులు గలరని. ఒకరు రవాణా శాఖ, రెండవవారు బీమా కంపెనీ. ఒకరికి చెప్పినంత మాత్రమున రెండవవారికి చెప్పినట్లు కాదు. రవాణా శాఖ నిషేధించిన మార్పును బీమా కంపెనీకి ఎంత నిజాయితీగా ప్రకటించినను అది చట్టబద్ధము కానేరదు. రవాణా శాఖ అనుమతించిన మార్పును కంపెనీకి చెప్పనియెడల ఆర్.సి.లో నమోదైనదను కారణముచేత అది పాలసీలో చేరదు.

మోటారు వాహనముల చట్టము, 1988 లోని 52వ సెక్షన్ ప్రకారము, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకును ఆర్.సి.లోని వివరములకును భేదము కలుగునట్లుగా ఏ యజమానియు వాహనమును మార్చరాదు. కేరళ నుండి వచ్చిన ఒక అప్పీలులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వ్యాఖ్యానించుచు, తయారీదారు నిర్దేశించిన మూల లక్షణములకు విరుద్ధమైన మార్పును రిజిస్టర్ చేయుటకు వీలులేదని, అంతకుముందు హైకోర్టు చూపిన సడలింపును త్రోసిపుచ్చినది. అదే సంవత్సరమున పార్లమెంటు చేర్చిన 182ఎ సెక్షన్‌లోని నాలుగవ ఉపసెక్షన్, అనుమతి లేని ప్రతియొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండునుగాని విధింపవచ్చునని చెప్పుచున్నది. జరిమానా వాహనమునకు ఒకటి కాదు, మార్పునకు ఒకటి యను సంగతిని మీ అబ్బాయికి ప్రత్యేకముగా చెప్పుడు.

ఈ దృష్టితో చూచిన, మీరు వ్రాసిన మార్పులు మూడు తరగతులుగా విడిపోవును.

మొదటిది, చట్టము సహింపనివి. బిగ్గరగా మ్రోగెడు సైలెన్సర్ శబ్దకాలుష్య ప్రమాణములను మీరునది గావున, 190వ సెక్షన్ రెండవ ఉపసెక్షన్ క్రింద మొదటి తప్పునకే మూడు నెలల వరకు జైలుగాని, 10,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చుట గాక, మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హతయు కలుగును. ఇనుప బంపర్ గార్డుల విషయమున, అవి 52వ సెక్షన్‌కు విరుద్ధములని, చర్య తీసుకొనవలెనని, కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రములకు వ్రాసియున్నది. ఢీకొన్నప్పుడు నలిగి ఆఘాతమును తనలో ఇముడ్చుకొనవలసిన కారు ముందుభాగమును ఆ ఇనుము నలుగనీయదు. పాదచారికి తగిలిన గాయమును తీవ్రము చేయును. ఎయిర్‌బ్యాగ్ సకాలములో విచ్చుకొనుటకు కూడ అడ్డు రావచ్చును. అద్దములకు నల్లఫిల్ము అంటించుటయు ఇట్టిదే. ముందు వెనుకల అద్దములు 70 శాతము, ప్రక్క అద్దములు 50 శాతము వెలుతురును లోనికి రానీయవలెనని కేంద్ర మోటారు వాహన నిబంధనలలోని 100వ నిబంధన చెప్పుచున్నది.

రెండవది, అనుమతితో చేయదగినవి. సి.ఎన్.జి. కిట్టు, ఇంజను మార్పు, కారు రంగు మార్పు మొదలగునవి ఇందు చేరును. కారును వేరొక ఇంధనముతో నడుపుటకు కిట్టును అమర్చుకొనుటకు 52వ సెక్షనే అవకాశమిచ్చుచున్నది. అయితే కిట్టు ప్రభుత్వము గుర్తించిన పరీక్షాసంస్థ ఆమోదము పొందినదై యుండవలెను, అమర్చువారికి అధికారముండవలెను, ఆ మార్పు ఆర్.సి.లో నమోదు కావలెను. భాగ్యనగర్ గ్యాస్ బంకుల వద్ద వరుసలో నిలుచు కార్లలో ఎన్నిటి ఆర్.సి.లలో పెట్రోలుతోబాటు సి.ఎన్.జి. యను మాట కలదో ఆ యజమానులే చూచుకొనవలెను.

మూడవది, రవాణా శాఖతో ప్రసక్తి లేకున్నను బీమా కంపెనీతో ప్రసక్తి గలవి. మ్యూజిక్ సిస్టమ్, కెమెరా, సీటు కవర్లు మొదలగునవి ఇట్టివి. అలాయ్ వీల్స్ విషయమున కొలత చూడవలెను. తయారీదారు మీ కారు రకమునకు అంగీకరించిన పరిమాణములో నున్న చక్రములు, టైర్లు ఈ మూడవ తరగతిలోనివి. మడ్‌గార్డు దాటి వెలుపలికి పొడుచుకొని వచ్చునంత వెడల్పువి మొదటి తరగతిలోనివి.

పాలసీలో ఉన్నదేమి, లేనిదేమి

బీమా ఒప్పందము పరమ విశ్వాసము మీద నిలుచునది యను సూత్రమును 1766లో ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఒక తీర్పులో స్థిరపరచినది మొదలు, అది మన న్యాయస్థానముల వరకును సాగివచ్చినది. వాహనమును గూర్చిన సమస్త వివరములు యజమానికి తెలియును, కంపెనీకి తెలియవు. కావున వివేకవంతుడైన బీమాదారుని నిర్ణయమును ప్రభావితము చేయగల ప్రతి ముఖ్య విషయమును యజమాని చెప్పవలెను. 2009లో ఒక వైద్యబీమా కేసులో సుప్రీంకోర్టు ముఖ్య విషయమను మాటకు ఇట్టి అర్థమునే చెప్పినది. మన దేశములోని మోటారు పాలసీల చివరి షరతులలో ఒకటి, ప్రపోజల్‌లో ఇచ్చిన జవాబులు సత్యములై యుండుటయే కంపెనీ బాధ్యతకు ముందస్తు షరతు అని స్పష్టముగా చెప్పుచున్నది. ఆ ప్రపోజల్ ఫారమునే ఒకమారు తెరచి చూడుడు: విద్యుత్ పరికరముల విలువ ఎంత, ఇతర అమరికల విలువ ఎంత, రెండు ఇంధనములతో నడచునా, ఎవరు నడుపుదురు, వారి వయస్సెంత అను ప్రశ్నలు అందులో నుండును. ఏజెంటు "లేదు, లేదు" అని గళ్ళు నింపి సంతకమునకు ఇచ్చినను, ఆ జవాబులు మీవియే యగును.

చెప్పిన యెడల ప్రీమియం ఎంత పెరుగును? మీ భయమంతయు ఇక్కడనే యున్నది గనుక లెక్క చూతము. కారు బీమా విలువను, దానినే ఐ.డి.వి. యందురు, తయారీదారు ప్రకటించిన అమ్మకపు ధర నుండి తరుగుదల తీసివేసి కట్టుదురు. ఒకటి రెండేండ్ల కారునకు తరుగు 20 శాతము, నాలుగైదేండ్ల కారునకు 50 శాతము. ఆ ధరలో చేరని, మీరు బయట పెట్టించిన ఏ పరికరమును ఐ.డి.వి.లో లేదు. మోటారు టారిఫ్‌లోని 24వ ఎండార్సుమెంటు (పాలసీకి జతపరచు అదనపు షరతు) ప్రకారము, విద్యుత్ పరికరముల విలువపై 4 శాతము అదనపు ప్రీమియం కట్టి వానిని పాలసీలో చేర్చుకొనవచ్చును. మీ నలుబది వేల మ్యూజిక్ సిస్టమ్‌కు ఆ లెక్కన ఏడాదికి 1,600 రూపాయలు. సి.ఎన్.జి. కిట్టునకు 25వ ఎండార్సుమెంటు. దానికిని విలువపై 4 శాతము, థర్డ్ పార్టీ బాధ్యత నిమిత్తము మరియొక 60 రూపాయలు. సొంత నష్టపు ప్రీమియం రేట్లపై టారిఫ్ నియంత్రణ తొలగిన తరువాత కంపెనీకి కంపెనీకి కొంత భేదముండవచ్చును గాని, ఎండార్సుమెంట్ల స్వరూపము ఇదియే. లక్షల విలువగల కారును, దానిని మించిన బాధ్యతను, ఈపాటి సొమ్ము మిగుల్చుకొనుటకై ప్రమాదములో పడవేయుట వివేకము కాదు.

ప్రకటన వలన ప్రీమియం తగ్గు సందర్భము కూడ నొకటి గలదు. కాళ్ళు పనిచేయనివారు చేతితోనే బ్రేకు, యాక్సిలరేటరు నడుపుకొనుటకు వీలుగా మార్పించుకొనిన కారును, ఆ మార్పు ఆర్.సి.లో నమోదైన యెడల, అదే టారిఫ్‌లోని 12వ ఎండార్సుమెంటు సొంత నష్టపు ప్రీమియంలో 50 శాతము రాయితీకి అర్హముగా చేసినది. అట్టి వాహనములు గలవారు మీ బంధుమిత్రులలో నున్నచో ఈ మాట వారికి చేరవేయుడు.

చెప్పకున్న నేమగునో ఒక ఉదాహరణతో చూపెదను. డిక్కీలోని యాంప్లిఫైయరునకు విద్యుత్తు కావలసి, అమర్చినవాడు బానెట్ క్రింది బ్యాటరీ నుండి నేరుగా ఎర్రతీగ యొకటి లాగి, నడుమ ఫ్యూజు వేయక, తలుపు అంచు క్రింది కార్పెట్ గుండా వెనుకకు తీసికొనిపోయెననుకొనుడు. కాలక్రమమున ఇనుప అంచు రాపిడికి తీగపై తొడుగు తెగి, ఒక వేసవి మధ్యాహ్నము షార్ట్ సర్క్యూట్ కలిగి కారు తగులబడును. సర్వేయరు వచ్చి, కాలిన వైరింగును చేతిలోనికి తీసుకొని, కంపెనీ వైరింగుతో కలియని ఆ తీగ ఎక్కడ బయలుదేరినదో, ఎక్కడ కరిగి ముద్దయైనదో ఫోటోలు తీసి, "బయట అమర్చిన, పాలసీలో ప్రకటింపని విద్యుత్ పరికరము వలన అగ్నిప్రమాదము" అని నివేదికలో ఒక వాక్యము వ్రాయును. ఆ ఒక్క వాక్యముపై మీ క్లెయిము అంతయు ఆగిపోవును. అదే పరికరము బిల్లుతోను, ఎండార్సుమెంటుతోను పాలసీలో చేరియుండినచో, కంపెనీ ఆ వాక్యమును వాడుకొనలేదు.

అయితే ప్రకటింపని ప్రతి మార్పును క్లెయిమునంతటిని త్రోసివేయుటకు చాలినదా? కాదు. ఇక్కడ పాలసీదారుని హక్కును తెలిసికొనవలెను. షరతు ఉల్లంఘనము మౌలికమైనదని, ప్రమాదమునకు కారణమైనదని కంపెనీ రుజువు చేయవలెనని 2016లో రిలయన్స్ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీ కక్షిదారుగా నుండిన కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. నిలిపియుంచిన మీ కారును వెనుకనుండి లారీ ఢీకొనినప్పుడు సీటు కవర్లు ప్రకటింపలేదని క్లెయిము త్రోసివేయుట చెల్లదు. అట్లే, ప్రపోజల్ ఫారము లేకుండ ఫోనులోనో ఇతరవిధముగానో పాలసీ ఇచ్చినప్పుడు కంపెనీ తాను పొందిన సమాచారమును నమోదు చేసికొని 15 దినములలో పాలసీదారునితో ధ్రువపరచుకొనవలెనని, నమోదు కాని సమాచారమును దాచిరని వాదించునప్పుడు రుజువు భారము కంపెనీదేయని, పాలసీదారుల ప్రయోజన పరిరక్షణకై 2002లో బీమా నియంత్రణ సంస్థ చేసిన నిబంధనలలోనే యుండినది. బ్రిటన్‌లో కూడ 2012 నాటి వినియోగదారుల బీమా చట్టము, బుద్ధిపూర్వకముగా దాచినవానిని, అజాగ్రత్తగా విడిచినవానిని వేరుగా చూచి, రెండవవానికి దామాషా చొప్పున నైనను పరిహారము దక్కునట్లు చేసినది. శంషాబాద్ నుండి విమానమెక్కి అక్కడ చదువుకొనబోవు మన పిల్లలు ఒక సంగతి యెరుగవలెను: అచట యువచోదకుల ప్రీమియం అత్యధికము, తల్లిదండ్రుల పేర పాలసీ తీసుకొని తామే ముఖ్య చోదకులుగా నడుపుట మోసముగా పరిగణింపబడును.

ఇతరులకు గాయమైనప్పుడు

సొంత కారు నష్టము ఒక ఎత్తు, ఇతరుల ప్రాణనష్టము ఒక ఎత్తు. మోటారు వాహనముల చట్టములోని 146వ సెక్షన్ క్రింద థర్డ్ పార్టీ బీమా లేనిదే వాహనము రోడ్డెక్కరాదు. బాధితునకు డబ్బు చెల్లింపకుండ కంపెనీ చూపగల కారణములను చట్టము 150వ సెక్షన్‌లో పరిమితము చేసినది. వానిలో ముఖ్య విషయమును దాచి పాలసీ పొందుట యొకటి, వ్యవస్థీకృతమైన పందెములకు, వేగ పరీక్షలకు వాహనమును వాడుట మరియొకటి. 2004లో నేషనల్ ఇన్సూరెన్సు కంపెనీ వర్సెస్ స్వరణ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఉల్లంఘనమును రుజువు చేయు భారమును కంపెనీపైననే ఉంచి, రుజువైనను పెక్కు సందర్భములలో కంపెనీ ముందు బాధితునకు చెల్లించి, తరువాత యజమాని నుండి రాబట్టుకొనవలెనను పద్ధతిని దృఢపరచినది. బాధితుని దృష్టిలో ఇది మేలైన న్యాయము. యజమాని దృష్టిలో చూచిన, ట్రిబ్యునల్ విధించిన లక్షల రూపాయలకై కంపెనీ తిరిగి వచ్చి తట్టునది మీ తలుపే యని యర్థము. కారు మీ పేరనున్నది గావున మార్పు చేయించినది కుమారుడైనను భారము మీదియే.

యువచోదకుని విషయము

మన దేశమున థర్డ్ పార్టీ ప్రీమియం చోదకుని వయస్సును బట్టి మారదు. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన పట్టికలో 1,000 సి.సి. లోపు కారునకు 2,094 రూపాయలు, 1,000 నుండి 1,500 సి.సి. వరకు 3,416, ఆపై 7,897 అని ఇంజను పరిమాణమును బట్టియే యున్నది. కావున నడుపువాడు ఇరువదియేండ్లవాడని నిజము చెప్పుటకు జంకవలసిన పని లేదు. చెల్లుబాటగు లైసెన్సు గలవా డెవడైనను నడుపవచ్చునని పాలసీలోని చోదకుని నిబంధన చెప్పుచున్నది.

కాని తల్లిదండ్రులలో చాలమంది యెరుగని లోపము ఒకటి యున్నది. పాలసీతో వచ్చెడు 15 లక్షల రూపాయల నిర్బంధ వ్యక్తిగత ప్రమాద బీమా, లైసెన్సు గల యజమానికి మాత్రమే వర్తించును. కారు తండ్రి పేరనుండి, కుమారుడు తన తప్పువలననే ప్రమాదమునకు లోనైన యెడల, ఆ 15 లక్షలు ఆతనికి రావు. యజమాని నుండి వాహనమును తీసికొని నడుపువాడు యజమాని స్థానములో నిలుచునని 2009లోను 2020లోను సుప్రీంకోర్టు చెప్పియున్నందున, థర్డ్ పార్టీగా పరిహారము కోరుటయు సాధ్యము కాదు. కావున రెన్యూవల్ సమయముననే మీ అబ్బాయి పేరు చెప్పి, ఆతనికి వ్యక్తిగత ప్రమాద బీమాను పాలసీలో చేర్పించుడు, లేదా విడిగా తీయించుడు. చక్రములకు పెట్టిన ఖర్చులో స్వల్పభాగము దీనికి చాలును.

పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు తాళపుచెవి ఇచ్చువారికి వేరుగా హెచ్చరిక: 199ఎ సెక్షన్ క్రింద సంరక్షకునకు లేదా యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలల పాటు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు లేకుండుట – ఇవి యన్నియు గలవు.

విమానాశ్రయ ప్రాంతమున మరియొక అలవాటు కలదు. వైట్ బోర్డు కారులో తెలిసినవారిని, వారి ద్వారా తెలియనివారిని, డబ్బు పుచ్చుకొని ఎయిర్‌పోర్టుకు దింపి వచ్చుట. ఇది కారు రూపమును మార్పదు గాని వాడుకను మార్చును. సొంత కారు పాలసీ అద్దెకు త్రిప్పుటను స్పష్టముగా మినహాయించినది. 2010లో ఓరియంటల్ ఇన్సూరెన్సు కంపెనీ కేసులో, సొంత కారును అద్దెకిచ్చినను కంపెనీ క్లెయిమును పూర్తిగా త్రోసివేయరాదని, వాడుక షరతు ఉల్లంఘనమునకు 75 శాతము వరకు చెల్లింపవచ్చునను మార్గదర్శకములను ఆధారము చేసికొని సుప్రీంకోర్టు కొంత సొమ్ము ఇప్పించినది నిజమే. అది సొంత నష్టమునకు దొరికిన ఉపశమనమే గాని, బేరమునకు ఇచ్చిన అనుమతి కాదు. సంపాదింపదలచిన, ఎల్లో బోర్డును, తగిన పాలసీని తీసుకొనుటయే మార్గము.

తెలియజేయు విధానము

సైలెన్సర్‌ను, బంపర్ గార్డును ఈ వారమే తీయించి, కంపెనీ సైలెన్సర్‌ను తిరిగి పెట్టించుడు. చక్రముల కొలతను కారు పుస్తకములోని కొలతతో పోల్చి, మించినచో మార్పించుడు. సి.ఎన్.జి. కిట్టును ఆమోదము గలదానినే యెంచుకొని, రవాణా శాఖ అనుమతి పొంది, అమర్చిన 14 దినములలోపల ఆర్.సి.లో ఎక్కించుడు. మ్యూజిక్ సిస్టమ్ బిల్లును వెదకి పెట్టుకొని, వైరింగునకు ఫ్యూజు ఉన్నదో లేదో తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు చూపించుడు. తరువాత ఏజెంటుకు నోటిమాటగా గాక, కంపెనీ కార్యాలయమునకే ఈ-మెయిలుగానో రిజిస్టర్డు పోస్టుగానో ఇట్లు వ్రాయుడు:

"నా పాలసీ నెంబరు, వాహనము నెంబరు పైన వ్రాసితిని. ఈ వాహనమునకు ఫలానా తేదీన ఫలానా పరికరములను, ఫలానా విలువకు అమర్చితిమి. బిల్లులును ఫోటోలును జతపరచితిని. వాహనమును నాతోబాటు నా కుమారుడు, వయస్సు ఇరువది, లైసెన్సు గలవాడు, నడుపును. ఈ వివరములను పాలసీలో నమోదు చేసి, తగిన అదనపు ప్రీమియం తెలిపి, ఎండార్సుమెంటు పంపవలసినదిగా కోరుచున్నాను. అవసరమైనచో వాహనమును తనిఖీకి చూపెదను."

జవాబు వచ్చువరకు ఊరకుండక, మరల గుర్తుచేయుడు. ఎండార్సుమెంటు చేతికి వచ్చిన పిమ్మట అందులోని ప్రతి పంక్తిని చదివి, ప్రపోజల్ నకలును అడిగి తీసుకొని రెండింటిని ఒకేచోట భద్రపరచుడు. ఆన్‌లైనులో రెన్యూవల్ చేయువారు, గత సంవత్సరపు వివరములే ముందుగా నింపబడి వచ్చును గావున, "మార్పులు లేవు" అను గడిని చూడకయే నొక్కరాదు.

క్లెయిము నిరాకరించిన యెడల

నిరాకరణమునకు కారణమును, ఏ షరతు ఆధారముననో, వ్రాతపూర్వకముగా అడుగుట మీ హక్కు. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయుడు. హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ప్రధాన కార్యాలయము గల బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్‌లోను, 155255 నెంబరులోను ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను, లక్డీకాపూల్ సమీపమున ఏ.సి. గార్డ్స్‌లోనున్న బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు, నిరాకరించిన ఏడాదిలోపల పోవచ్చును. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు వివాదములను అంబుడ్స్‌మన్ విచారింపగలడు. ఆయన యిచ్చిన అవార్డుకు కంపెనీ కట్టుబడవలెను.

వినియోగదారుల రక్షణ చట్టము, 2019 ప్రకారము, మీ నివాసమున్న రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, వివాదకారణము కలిగిన రెండేండ్లలోపల దావా వేయవచ్చును. అచట పరిధిని నిర్ణయించునది మీరు చెల్లించిన ప్రీమియం గావున, 5 లక్షల రూపాయల లోపువారికి ఫీజు కూడ లేదు. సలహా కావలసినవారు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు గాని, న్యాయసేవల సంస్థవారి 15100 నెంబరుకు గాని ఫోను చేయవచ్చును.

ఈ తలుపులన్నియు తెరచియున్నవి గాని, వానిలో నేది తట్టినను మొదట అడుగు ప్రశ్న ఒక్కటియే: "ఈ మార్పును కంపెనీకి తెలిపితిరా? తెలిపినట్లు కాగితమున్నదా?" అయ్యా, రెన్యూవల్‌కు ఇంకను నెల యున్నది. ఏజెంటు మాటను ప్రక్కన పెట్టి, మీ అబ్బాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ లేఖను ఆతనిచేతనే వ్రాయించి, మీరు సంతకము చేసి పంపుడు.